విక్రమసింహకు మెదడు పెడితే?

ప్రశ్న: ‘విక్రమసింహ’లో రజనీకాంత్ కదలికలను కంప్యూటర్ బొమ్మకు ఎక్కించారు. అలాంటి పాత్ర సొంతంగా ఆలోచించగలదా? – ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: 2014 నాటి ఆ సినిమాలో బొమ్మకు ఒళ్లు రజనీది, బుర్ర రచయితది. బుర్ర కూడా బొమ్మదే కావాలంటే కాగ్నిటివ్ ఆర్కిటెక్చర్, అంటే మనసు పనిచేసే తీరును అనుకరించే కంప్యూటర్ చట్రం కావాలి.

ఈ విద్యకు పుట్టిల్లు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. మన గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి 1969లో చేరింది అక్కడే. ఆయన సహోద్యోగి అలెన్ న్యూవెల్ బృందం ‘సోర్’ అనే చట్రాన్ని, అక్కడే జాన్ ఆండర్సన్ ‘యాక్ట్-ఆర్’ను తయారుచేశారు. యాక్ట్-ఆర్‌లో చూపు, జ్ఞాపకం, చేతి కదలిక వేర్వేరు విభాగాలు. దాదాపు 50 మిల్లీసెకన్లకు ‘ఇలా ఉంటే ఇది చేయి’ అనే ఒక నియమం ఎంపికవుతుంది. మెదడులో ఈ ఎంపిక పని బేసల్ గాంగ్లియా అనే భాగానిదని ఆండర్సన్ వాదన. పార్కిన్సన్స్ వ్యాధిలో దెబ్బతినేది ఈ వ్యవస్థే. ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి బేసల్ గాంగ్లియాకు కంప్యూటర్ నమూనాలు కట్టారు.

సోర్‌ను కంప్యూటర్ ఆటలోనూ పరీక్షించారు. సోర్ సృష్టికర్తల్లో ఒకరైన జాన్ లెయర్ ‘క్వేక్ 2’ ఆటలో సోర్ నడిపే ఒక బాట్‌ను (కంప్యూటర్ ఆటగాడిని) దింపారు. శత్రువు దూరంగా కనిపిస్తే చాలు, ‘నేనే వాడినైతే ఎటు వెళ్తాను?’ అని లెక్కేసుకుని, అడ్డదారిన ముందే వెళ్లి కాపు కాసేది. గడుసుదే!

2023లో స్టాన్‌ఫర్డ్ బృందం చాట్‌జీపీటీకి జ్ఞాపకాల చిట్టా జోడించి 25 పాత్రలతో ఒక ఊరు నడిపింది. ఒక పాత్రకు పార్టీ ఆలోచన అందిస్తే, మిగతావి కబురు చేరవేసుకున్నాయి, కొన్ని పార్టీకి వచ్చాయి కూడా. మాటకారులే గానీ వాటికి ఆకలి లేదు, అలసట లేదు. అందుకే మెదడు నమూనాల అవసరం ఇంకా తీరలేదు. చేసి చూడాలంటే సోర్, యాక్ట్-ఆర్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి.