మదనపల్లెలో జనగణమన

పొద్దున్నే బడిలో పిల్లలు జనగణమన పాడతారు. ఆ పాటకు మదనపల్లెతో చుట్టరికం ఉంది. ఆ ఊరు అప్పుడు చిత్తూరు జిల్లాలోది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడికి వచ్చారు. ఆయనది బెంగాల్. ఒక సాయంత్రం బీసెంట్ కాలేజీలో, తాను రాసిన ఆ పాట పాడారు. పిల్లలు కూడా గొంతు కలిపారు.

అక్కడ మార్గరెట్ కజిన్స్ అనే ఆమె ఉండేవారు. ఆమెది ఐర్లండు. సముద్రాల అవతలి దేశం. సంగీతం చదివిన మనిషి. ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడి జైలుకు కూడా పోయారు. ఓటు అడిగితే జైలా? అవును, ఆ రోజులు అలాంటివి.

బాణీ ఠాగూరుదే. ఆమె ఆయనతో కూర్చుని దాని స్వరాలు కాగితం మీద రాశారు. విన్న పాట గాలికి పోకుండా నిలిచింది. అప్పటినుంచి ఆ కాలేజీలో పొద్దున్నే ఈ పాట పాడేవాళ్ళు.

1950 జనవరి 24న అది మన జాతీయ గీతం అయింది.