పప్పుబెల్లాలు – గర్గియాన్

పిల్లలూ! మా చిన్నతనంలో దసరాకు వెదురు విల్లంబులకు రంగుకాగితాలు అంటించి, వీధిబడి పంతులుగారి వెంట పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఆయనకు డబ్బులు, మాకు పప్పుబెల్లాలు, అంటే పుట్నాలపప్పు, బెల్లం. జీతం లేని పంతుళ్లకు ఆ డబ్బులే ఆసరా. ఒక ఏడు మా ఇంట డబ్బుల్లేక అమ్మ చేటతో బియ్యం తెచ్చింది. నాకు తల కొట్టేసినట్లయింది. పంతులుగారు మా గుమ్మంలో ఇంకో పద్యం ఎక్కువే పాడించారు.

కువైట్‌లో రంజాన్ 13, 14, 15 రాత్రుల్లో పిల్లలు మెడలో సంచులతో పాడుతూ మిఠాయిలు అడిగే వేడుక గర్గియాన్. నిరుడు అబ్బాసియాలో మా అంతస్తు అరబ్బు పిల్లలు తలుపు తట్టేసరికి చాక్లెట్లు అయిపోయాయి. పుట్నాలు, బెల్లం పోశాను. మర్నాడూ వచ్చారు!

అభ్యాసం: మీ తాతగారు దసరాకు ఏం పాడారో ఫోనులో అడిగి రాయండి.