సర్పంచ్ రాసిచ్చిన చీటీ ఎందుకు చెల్లదు?



స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజులు రాగానే మన హాస్టల్లో ఒకటే గొడవ, కులం సర్టిఫికెట్. కొందరు ఊర్లో సర్పంచ్ చేత రాయించి, రబ్బరు స్టాంపు వేయించుకుని వస్తారు. దాన్ని తీసుకోరు. "మా తండాలో ఎవరు ఎవరి బిడ్డో సర్పంచ్ కంటే బాగా ఎవరికి తెలుసు?" అని మనకు కోపం వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం చట్టం చూడాలి.

మన రాష్ట్రంలో కులం సర్టిఫికెట్లు ఎవరు ఇవ్వాలో చెప్పడానికి 1993లో 16వ నెంబరు చట్టం వచ్చింది. 1997లో నియమాలు రాశారు. వాటి ప్రకారం అధికారం రెవెన్యూవాళ్లది. కొన్ని తెగలకు ఆర్డీవో, తక్కినవారికి అప్పట్లో ఎమ్మార్వో అనిపించుకున్న ఇప్పటి తహశీల్దారు. పంచాయతీకి ఆ అధికారం లేదు.

సర్పంచ్ సంగతి అట్లుంచండి, ముఖ్యమంత్రి కూడా ఒక కులాన్ని ఎస్టీలో చేర్చలేరు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం రాష్ట్రాలవారీగా జాబితాను రాష్ట్రపతి ప్రకటిస్తారు. ఆ తర్వాత మార్చేది పార్లమెంటు ఒక్కటే. దీని విచిత్రం మన పొలిమేరలోనే ఉంది. ఇక్కడ సుగాలీలు ఎస్టీలు. మా మేనత్తను పావగడ దిక్కు ఇచ్చినారు. అది కర్ణాటక. అక్కడ లంబాణీలు ఎస్సీలు. ఇంట్లో ఒకే గోర్ మాట మాట్లాడే నాకూ మా బావకూ కాగితాలు మాత్రం వేరు!

ఇంత కట్టుదిట్టం దేనికంటే, దొంగ సర్టిఫికెట్లకు భయపడి. సర్పంచ్ ఓట్లతో గెలిచిన మనిషి. వాకిట్లోకి వచ్చి అడిగినోళ్లకు లేదనడం కష్టం. ఒక్క దొంగ కాగితం పుడితే మనలో ఒకరి సీటు పోతుంది. మహారాష్ట్రలో మహదేవ్ కోలీ తెగవాళ్లమని చెప్పి సీట్లు పొందిన అక్కాచెల్లెళ్ల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అది నిజం కాదని 1994లో కోర్టు తేల్చి, సర్టిఫికెట్లు సరిచూసే కమిటీలు పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ఈ కట్టుబాటు మనకు కాపలా కూడా.

అయితే నాకొక అభ్యంతరం ఉంది. ఆ 1993 చట్టంలో రుజువు చేసుకునే భారం అడిగినవాడి మీదే పెట్టినారు. వానలు రాక చెనిక్కాయ పంట ఎండిపోతే మన అమ్మానాయనలు బెంగళూరు పనులకు పోతారు. విచారణకు వచ్చినోళ్లకు ఇంటి తాళం కనిపిస్తుంది. అప్పుడు ఊరిపెద్ద మాట అసలే లెక్కలోకి రాకపోతే ఎట్లా?

ఇట్లాంటి ప్రశ్నే అస్సాంలో వచ్చింది. అక్కడ పౌరుల పట్టిక తయారుచేసేటప్పుడు, పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడవాళ్లు పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రాలు చూపించినారు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అవి చెల్లవంది. అదే ఏడు డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. అది పౌరసత్వానికి రుజువు కాదు గానీ, ఆమెకు పుట్టింటితో ఉన్న సంబంధం చూపడానికి పనికొస్తుంది, సరిచూసి తీసుకోండి అని చెప్పింది. సర్టిఫికెట్ ఆఫీసరు ఇవ్వాలి, సాక్ష్యం ఊరు చెప్పాలి. నాకు ఈ పద్ధతి నచ్చింది.

పంచాయతీ చేతిలో ఉన్న అసలైన కాగితం ఒకటుంది, మనవాళ్లు దాన్ని పట్టించుకోరు. అదే జనన నమోదు. 1969 చట్టం కింద బిడ్డ పుట్టిన 21 రోజుల్లో చెబితే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, ఆధార్‌కైనా, ఓటరు జాబితాకైనా పుట్టిన తేదీకి అదే రుజువు. మీ ఇంట్లో పసిబిడ్డలుంటే ఈసారి పోయినప్పుడు అడగండి.

దసరా సెలవులకు పోయినప్పుడు నాయనదో అన్నదో పాత సర్టిఫికెట్, వాళ్ల బడి రికార్డు, రేషన్ కార్డు జిరాక్సులు తెచ్చుకోండి. పేర్లు ఒక కాగితంలో ఉన్నట్టు ఇంకో కాగితంలో ఉన్నాయా లేదా చూడండి. మా నాయన పేరు చివర రేషన్ కార్డులో 'నాయక్' ఉంది, నా టీసీలో లేదు. వార్డెన్ సార్‌కు చూపిస్తే, ఫారం నింపకముందే దిద్దించుకోమన్నారు.