పూడ్చిన బోదె, ఉబ్బిన గోడ

సమస్య



మాది కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లోని పల్లె. మావారు హైదరాబాదులో ఉద్యోగం ముందుగానే మానేసి సొంతూరు వచ్చేశారు. డెబ్భై సెంట్ల కొబ్బరితోట, అందులోనే మావారి తాతగారు కట్టించిన నాలుగు గదుల పెంకుటిల్లు, నుయ్యి. మామగారు పోయాక అత్తయ్య ఒక్కరే ఆ ఇంట్లో ఉండేవారు. ఆవిడకి ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు.

రాగానే మావారు ఇంటి పని మొదలుపెట్టారు. గోడల మీది పాత సున్నం పెచ్చులూడుతోందని మొత్తం గీకించి సిమెంటు పూత వేయించారు. దాని మీద పుట్టీ, ఖరీదైన ప్లాస్టిక్ రంగు. పాత గచ్చు తవ్వించి పెద్ద టైల్స్ పరిపించారు. కాళ్లకి బురద అంటకుండా ఇంటి చుట్టూ సిమెంటు చపటా. తూర్పు గోడ పక్కన పాత బోదె ఒకటి ఉంటే దాన్ని పూడ్పించి, గ్రావెల్ తోలించి ఎత్తు చేసి, కడియం నుంచి లాను గడ్డి తెప్పించి వేశారు. చూసినవాళ్లంతా బావుందన్నారు. నాకూ బావుందనిపించింది.

ఈ వానాకాలం వచ్చేసరికి అంతా తారుమారైంది. తూర్పు గదుల్లో గోడలు రొమ్మెత్తు దాకా ఉబ్బిపోయాయి. రంగు బొబ్బలు కట్టి రాలిపోతోంది, దాని వెనక తెల్లటి ఉప్పు పొడి. పొద్దున్నే పక్క దులిపితే చేతికి గరగరలాడుతుంది. బీరువాలో పట్టుచీరలకి బూజు పట్టింది. నట్టింటి దూలం గోడలో దిగిన చోట సన్నటి పొడి రాలుతోంది. పెరట్లో నేను పెట్టుకున్న గులాబీలు, కరివేపాకు, నిమ్మమొక్క నల్లగా మసిబారిపోయాయి. మందు కొట్టించినా పోలేదు.

ఒక మేస్త్రీ వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూయిస్తే సరిపోతుందన్నాడు. ఇంకొకాయన ఇది ఆగే ఇల్లు కాదు, పడగొట్టి శ్లాబు వేసుకోండి అన్నాడు. మావారికి ఆ మాటే పట్టుకుంది. బ్యాంకు లోను తీసుకుందామంటున్నారు. ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన డబ్బంతా ఇప్పటికే గోడలకే పోసేశాం. నా గాజులు కూడా తాకట్టులో ఉన్నాయి. అత్తయ్యేమో “తొంభై ఆరు తుపానుకి చెక్కుచెదరని ఇల్లురా ఇది, నేను పోయాక పడగొట్టుకో” అని ఆ రోజు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి తల్లీకొడుకులకి మాటల్లేవు. “మీ ఆయనకి చెప్పు”, “మీ అత్తగారికి చెప్పు” అని ఇద్దరూ నాతోనే చెప్పిస్తున్నారు. బెంగళూరులో ఉన్న మరిది, కాకినాడలో ఉన్న ఆడపడుచు “మీ ఇష్టం, ఎలా చేసినా సరే” అంటున్నారు. పంపకాలు ఇంకా కాలేదు.

మావారు రాత్రిళ్లు లేచి టార్చిలైటు వేసుకుని గోడలు చూస్తుంటారు. ఆయన్ని చూస్తే భయమేస్తోంది. ఇల్లు ఉంచాలా, పడగొట్టాలా? నాకు నాలుగు కూరగాయల పాదులు పెట్టుకోవాలని ఎంతో ఆశ. అది ఇప్పుడు అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

— ఒక పాఠకురాలు, కోనసీమ

సలహా

అమ్మా,

పడగొట్టవద్దు. లోను తీసుకోవద్దు. వాటర్‌ప్రూఫ్ కెమికల్ అసలే వద్దు. ఎందుకో చెబుతాను, ఈ ఉత్తరం మీవారి చేత కూడా చదివించండి.

మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తూర్పు గోడ పక్కన బోదె పూడ్పించారన్నారు. ఉబ్బినవి కూడా తూర్పు గదులే. కోనసీమ భూమి ఎలాంటిదో మీకు నేను చెప్పాలా? గోదావరి పాయల మధ్య పల్లపు నేల, కొద్దిగా తవ్వితే నీళ్లు. అందుకే మన పెద్దలు తోటల్లో వరస వరసకీ బోదెలు తీసి, వాటిని మురుగు కాలువలో కలిపారు. ఆ బోదె మీ ఇంటి వాన నీటిని, తోట ఊట నీటిని బయటికి మోసుకుపోయేది. దాన్ని పూడ్చి, పైన గ్రావెల్‌తో నేల ఎత్తు పెంచి, దాని మీద పచ్చగడ్డి వేసి రోజూ తడుపుతున్నారు. ఆ నీరంతా పునాదిలోకే ఇంకుతోంది.

తాతగారి కాలం ఇళ్లకి పునాది మీద చెమ్మని ఆపే పొర ఉండదు. ఇప్పుడు మేస్త్రీలు డీపీసీ అంటారే, అది. నేలలో తడి ఉంటే ఇటుక పీల్చుకుంటుంది, గోడ పైకి ఎక్కుతుంది. అయినా ఆ ఇల్లు ఇన్నేళ్లు నిలిచిందంటే కారణం సున్నం. మన తీరంలో గుల్లలు కాల్చి చేసిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో తిప్పేవారు, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసేవారు. ఆ పూత గోడ పీల్చిన తడిని ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తుంది. వదిలేటప్పుడు ఉప్పు పైకి వచ్చి పూత కొంచెం కొంచెం పెచ్చులూడుతుంది. అలా ఊడడం దాని పనే. గోడ బదులు పూత అరుగుతుంది, ఏటా పండక్కి ముందు వెల్ల వేసుకుంటే సరిపోయేది.

ఇప్పుడు మీ గోడకి సిమెంటు, పుట్టీ, ప్లాస్టిక్ రంగు మూడూ పడ్డాయి. తడిగుడ్డని పాలిథిన్ కవరులో మూటగట్టినట్టైంది. కింద టైల్స్ పరిచారు కాబట్టి గచ్చులోంచి ఆరిపోవలసిన తడికి కూడా గోడే దారి. మోకాలెత్తులో ఆగవలసిన చెమ్మ రొమ్మెత్తుకి ఎక్కింది. ఇప్పుడు కెమికల్ పూస్తే ఇంకా పైకి ఎక్కుతుంది, అంతే. ఇంకో మాట: ఆ సిమెంటు పనికి ఇసుక ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి అని మేస్త్రీని కనుక్కోండి. సముద్రం వైపు నుంచి తెచ్చిన ఇసుకైనా, ఉప్పు తగిలిన నూతి నీళ్లైనా, గోడలోకి ఉప్పుని మనమే పోసినట్టు.

శ్లాబు ఇల్లు కట్టినా ఈ నీరు ఎక్కడికీ పోదు. బోదె మూసుకుని ఉన్నంతకాలం కొత్త ఇంటి పునాదీ నానుతుంది. పైగా ఉప్పుగాలి తగిలే చోట చెమ్మ చేరితే శ్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పగులుతుంది. ఎప్పటికైనా మీరు కొత్త ఇల్లు కట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ ఈ గోడల మీద కోపంతో కట్టకండి.

ముందు బోదె తవ్వించండి. ఆశ్వయుజ, కార్తీకాల్లో తుపాను వానలు పడేలోపు ఆ పని అయిపోవాలి, అన్నిటికంటే ఇదే తొందర. గోడకి మరీ ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా తీయించి, మురుగు కాలువలో కలిసే దాకా చివరంటా చూడండి. మధ్యలో పక్కవాళ్ల గట్టు దగ్గర పూడి ఉంటే వాళ్లతో మాట్లాడి తీయించండి, వాళ్ల తోటకీ అదే దారి. తోలిన గ్రావెల్ తూర్పు వైపు ఎత్తేయించి, పెరడు ఇంటి గచ్చు కంటే బాగా పల్లంగా ఉండేలా చేయండి. చపటాని గోడ పొడవునా రెండడుగుల వెడల్పున పగలగొట్టించి అక్కడ చిప్సు కంకర పోయించండి. మిగిలిన చపటా వాలు ఎటుందో ఒక బిందె నీళ్లు కుమ్మరించి చూడండి. గోడ వైపు పారితే అది కూడా తీసేయాల్సిందే. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా రేకు కాలువ కట్టించి బోదె దాకా గొట్టం వేయండి.

తరవాత గోడ. మీవారికి నమ్మకం కుదరడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఉబ్బిన చోట రంగు గీకేసి, మూరెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలి వైపు చెమట పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు పడితే అది గదిలో గాలి తేమ. నిజం తెలిశాక, చెమ్మ ఎక్కిన గీత కంటే ఇంకో అడుగు పైదాకా సిమెంటు పూతని ఉలితో నెమ్మదిగా కొట్టించేయండి. ఇటుకలు బయటపడనివ్వండి, కొన్నాళ్లు ఇల్లు చూడ్డానికి బావుండదు. ఇటుక మీద ఉప్పు పేరుకుంటే పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడగవద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి. ఎండ ఉన్నప్పుడల్లా తలుపులు, కిటికీలు బార్లా తీసి ఉంచండి.

దూలం సంగతి ఆలస్యం చేయకండి. సన్నటి పొడి రాలుతోందంటే పుచ్చు పురుగు తొలుస్తున్నట్టు. మామూలు నేల చెదలైతే ఇలా పొడి రాలదు, గోడ మీద, కర్ర మీద మట్టి దారులు కనిపిస్తాయి. రెండూ తడి ఉన్న చోటికే ముందు చేరతాయి. గోడలో దిగిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడమనండి. పైపైన ఆగిపోతే చేవ బాగానే ఉన్నట్టు, అంగుళం మేర మెత్తగా దిగబడితే కొస కుళ్లినట్టు. కుళ్లితే ముందు దాని కింద పోటీ పెట్టించి, అప్పుడు పాత ఇళ్ల పని తెలిసిన వడ్రంగిని పిలవండి. కుళ్లిన కొస మేరకే కోసి కొత్త కర్ర అతికించడం అతనికి తెలుస్తుంది. కొస పాడైందని దూలమంతా దింపనక్కర్లేదు.

ఇక మీ మొక్కలు. గులాబీకీ కరివేపాకుకీ వేరుగా ఏ తెగులూ లేదు. తలెత్తి కొబ్బరి ఆకు అడుగున చూడండి. తెల్లటి దూది పోగులు గుండ్రంగా చుట్లు చుట్టి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచి వైపు మొదట గుర్తించారు, తరవాత గోదావరి జిల్లాల తోటలకీ పాకింది. అది విసర్జించే జిగురు కింది ఆకుల మీద పడితే దాని మీద మసి బూజు పెరుగుతుంది. విషం మందులు కొట్టించవద్దు. ఈ దోమని తినే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి తోటల్లో తనంతట తనే పెరుగుతుంది, మందు కొడితే ముందు అది చస్తుంది. పొట్టి చెట్లైతే ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి. మీకు అంబాజీపేట దగ్గరే కదా, అక్కడి ఉద్యాన పరిశోధన స్థానానికి ఒక ఆకు ముక్క తీసుకెళ్లి చూపిస్తే మిగతాది వాళ్లు చెబుతారు. కొబ్బరి మొదళ్ల మీద గ్రావెల్ పడి ఉంటే అది కూడా తీయించండి, వేళ్లకి గాలి ఆడాలి.

పాదులు పెట్టుకోండి, మొహం చెల్లకపోవడమేమిటి? గోడకి మూడడుగుల లోపు మాత్రం తడి అవసరమైన మొక్క ఏదీ వద్దు. లాను తీసిన చోట, కొబ్బరి నీడ తగ్గి ఎండ పడే జాగా చూసుకుని వంగ, బెండ వేయండి. నీడలో కంద, చేమ, పసుపు బాగా వస్తాయి. వంటింటి నీళ్లు పోయే చోట రెండు అరటి పిలకలు. చిక్కుడు గింజ ఇప్పుడైనా పెట్టండి, అది చలి రోజుల్లోనే పూతకొస్తుంది, పండగ నాటికి కాయ అందుకోవచ్చు. సొర, బీర పాదుల్ని మాత్రం పెంకుల మీదికి ఎక్కించకండి. ఆకు కింద తడి నిలుస్తుంది, కాయ బరువుకి పెంకు జారుతుంది. కొబ్బరి మట్టలతో పందిరి విడిగా వేయించండి.

డబ్బు గురించి గట్టిగా చెప్పాలి. “ఎలా చేసినా సరే” అని మరిది, ఆడపడుచు ఫోనులో అనే మాట మీద మీ గాజుల డబ్బు పోయకండి. మీ మామగారి సొంత ఆస్తి అయి, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తయ్యకి, ముగ్గురు పిల్లలకి సమానంగా హక్కుంటుంది. తాతగారి నుంచి వచ్చిన పిత్రార్జితమైతే లెక్క వేరు, కాగితాలు పట్టుకుని అమలాపురంలో ఒక లాయరుని కలవండి. అందరూ మంచివాళ్లే కావచ్చు. మంచిగా ఉన్నప్పుడే భాగపత్రం రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి, అత్తయ్య బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కుని అందులో స్పష్టంగా రాయించాలి. ఆ కాగితం వచ్చేదాకా బోదె, దూలం, గోడ ఆరబెట్టడం, వీటికి మించి ఒక్క రూపాయి పెట్టకండి. దింపు కాయల డబ్బుతో ఇవి నెమ్మదిగా నడిపించుకోవచ్చు.

మీ అత్తయ్య అన్నం మానేసింది గోడల కోసమే అనుకోను. ఇల్లు పడగొడితే కట్టేదాకా తనని ఎక్కడ ఉంచుతారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. బోదె పూడ్చినప్పుడు కూడా ఆవిడని అడిగి ఉండరు. 1996 నవంబరు తుపానులో ఆ పెరట్లో నీరు ఎక్కడిదాకా వచ్చింది, ఎటు తీసింది అనేది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరికే తెలుసు. కూలీలు వచ్చే రోజు మీవారే వెళ్లి “అమ్మా, పాత బోదె ఎక్కడిదాకా ఉండేది?” అని అడగాలి. మీరు అడిగి ఆయనకి చెప్పడం కాదు. ఈ ఒక్క పనిలో మీరు మధ్యలో ఉండవద్దు. ఎవరు “చెప్పు” అన్నా “పక్క గదిలోనే ఉన్నారు, మీరే చెప్పండి” అని లేచి వెళ్లిపోండి. ఒకటి రెండు రోజులు ఇల్లు బిగుసుకుపోయి ఉంటుంది, ఓర్చుకోండి.

మీవారు రాత్రిళ్లు లేవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. ఉద్యోగం వదిలి, ఉన్నదంతా పెట్టి తల్లి దగ్గరికి వచ్చిన మనిషి ఆయన. ఇల్లు బాగుచేయాలనే చేశారు. పట్నంలో అందరూ చేయించుకునే పనే ఇక్కడా చేయించారు. “చెప్తే విన్నారా” అనే మాట మీ నోట రానివ్వకండి. బోదెలో నీళ్లు కదలడం కళ్లారా చూస్తే ఆయనకి కొంత కుదురు వస్తుంది. అప్పటికీ నిద్ర పట్టక, తిండి తగ్గి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

సున్నం పూత మాత్రం ఈ వానల్లో మొదలుపెట్టకండి. సంక్రాంతి దాటి, గోడ చేతికి పొడిగా తగిలాక, గుళ్ల మరమ్మతుల్లో సున్నం పని చేసిన మేస్త్రీ కోసం వాకబు చేయండి. సున్నాన్ని ముందుగానే నానబెట్టి ఉంచమనండి. పూత వేశాక కొన్ని రోజులు తడి గోనెలు కట్టి ఎండ తగలకుండా చూసుకోవాలి, తొందరపడి ఆరబెడితే పగుళ్లిస్తుంది. పైన వెల్ల వేయండి చాలు, మళ్లీ ప్లాస్టిక్ రంగు జోలికి పోకండి.