టైగర్ మాత్ విమానం – అభిరుచి, బాధ్యత

పక్షివలె ఆకాశంలో విహరించాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నదే. ఆ కోరిక నెరవేరి నూరేళ్ళు దాటింది. వందలాది ప్రయాణికులను ఖండాలు దాటించే జెట్ విమానాలు నేడు మనకు సుపరిచితాలు. అయినప్పటికీ ఇంగ్లండు, ఆస్ట్రేలియా వంటి దేశాలలో కొందరు, ఏనాడో సైనిక శిక్షణ కోసం నిర్మించిన చిన్న విమానాలను సొంతంగా కొని, బాగుచేయించి, కేవలం ఉల్లాసం కోసం నడుపుతున్నారు. వాటిలో సుప్రసిద్ధమైన టైగర్ మాత్‌ను ఉదాహరణగా తీసుకొని, ఈ అభిరుచి వెనుకనున్న శాస్త్రాన్నీ, బాధ్యతనూ పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చరిత్ర

టైగర్ మాత్‌ను ఇంగ్లండులోని డి హావిలాండ్ సంస్థ రూపొందించింది. ఇది మొదటిసారిగా 1931 అక్టోబరు 26న ఎగిరింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా మున్నగు దేశాలలో కలిపి ఎనిమిది వేలకు పైగా నిర్మింపబడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వేలాది యువకులు తొలి పాఠాలు నేర్చినది దీనిపైనే. మన హైదరాబాదు బేగంపేటలో ఆ రోజులలో నడిచిన ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాలలోనూ ఇవే విమానాలు వాడుకలో ఉండేవి. యుద్ధానంతరం వాయుసేనలు వీటిని క్రమంగా విరమించుకోగా, ఫ్లయింగ్ క్లబ్బులూ, వ్యక్తులూ కొనుగోలు చేశారు. భారత వాయుసేన సైతం ఒక టైగర్ మాత్‌ను పునరుద్ధరించి, 2012 వాయుసేన దినోత్సవం నాడు హిండన్‌లో ప్రదర్శించింది.

నిర్మాణం

ఇది ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు గల విమానం. శరీరం ఉక్కు గొట్టాలతోనూ, రెక్కలు కొయ్యతోనూ చేసి, పైన బట్ట బిగించి ప్రత్యేకమైన పూత పూస్తారు. ఆసనాలు రెండు, ఒకదాని వెనుక ఒకటి. శిక్షకుడు ముందు, శిష్యుడు వెనుక కూర్చుంటారు. ఒంటరిగా నడిపేవాడు తప్పక వెనుక ఆసనంలోనే కూర్చోవాలి. లేనిచో విమానపు గురుత్వ కేంద్రం చెడుతుంది. నాలుగు సిలిండర్ల జిప్సీ మేజర్ ఇంజను 130 అశ్వశక్తిని ఇస్తుంది. పై రెక్క నడుమనున్న తొట్టి 19 గ్యాలన్ల పెట్రోలు పట్టగలదు. పంపు అవసరం లేకుండా ఇంధనం తన బరువుతోనే ఇంజనులోకి దిగుతుంది. మూలరూపంలో దీనికి బ్రేకులు లేవు, బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు.

నేలమీది ప్రమాదాలు

స్టార్టరు లేనందున ప్రొపెల్లరును చేతితో త్రిప్పి ఇంజనును నడిపించాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు. అది తిరిగితే చాలు, విద్యుత్తు పుడుతుంది. మీట "ఆపు" స్థానంలో ఉన్నప్పుడు ఆ విద్యుత్తు ఒక తీగ ద్వారా విమాన లోహశరీరంలోనికి మళ్ళిపోతుంది. ఆ తీగ తెగితే, మీట ఆపు స్థానంలో ఉన్నా ఇంజను అంటుకోగలదు. కనుక ప్రొపెల్లరు ఎల్లవేళలా ప్రాణంతో ఉన్నదనే భావించాలి. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం, లోపల తెలిసిన మనిషిని కూర్చోబెట్టడం, ఇద్దరూ ప్రతి ఆజ్ఞనూ బిగ్గరగా పలికి తిరిగి చెప్పుకోవడం అనివార్య నియమాలు.

తోక నేలను ఆని ఉండడంచేత ముక్కు పైకి లేచి ఎదుటి దారి కనిపించదు. అందుచే నేలపై వంకరటింకరగా నడుపుతూ ప్రక్కలనుండి చూసుకోవాలి. గురుత్వ కేంద్రం ప్రధాన చక్రాలకు వెనుకనుండుట వలన, ప్రక్కగాలికి తోక ఒకసారి ప్రక్కకు జరిగితే మరింతగా తిరుగుతూపోయే స్వభావం ఉంది. కారు నడిపే అలవాటు గానీ, ఆధునిక విమానానుభవం గానీ ఇక్కడ చాలదు. ఈ తరహా విమానంపై అనుభవం గల గురువు వద్ద ప్రత్యేకంగా నేర్వవలసిందే.

గాలిలోని ప్రమాదాలు

వేగం మితిమీరి తగ్గి, గాలికి రెక్క ఎదురయ్యే కోణం హద్దు దాటితే, రెక్క విమానాన్ని మోయలేని స్థితి కలుగుతుంది. దీనినే స్టాల్ అంటారు. ఆ స్థితిలో ఒక ప్రక్క రెక్క ముందుగా పడితే విమానం గిరగిర తిరుగుతూ దిగిపోతుంది, ఇది స్పిన్. తగినంత ఎత్తులో దీనినుండి బయటపడే పద్ధతి ఉంది. దిగడానికి ముందు తక్కువ ఎత్తులో మలుపు తీసుకునే వేళ సంభవిస్తే కోలుకొనే వ్యవధి ఉండదు. పాత సైనిక రంగులు పూసిన విమానం చూడగానే నేలకు చేరువలో విన్యాసాలు చేయాలనే చాపల్యం కొందరికి కలుగుతుంది. రంగు విమానానికి బలం ఇవ్వదు, నడిపేవానికి నైపుణ్యం ఇవ్వదు.

కంటికి కనిపించని శత్రువు

అన్నింటికన్న ఆలోచింపజేసే సంఘటన 2013 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన జరిగింది. ఒక ప్రయాణికుని విహారానికి తీసుకొని వెళ్ళిన టైగర్ మాత్ విన్యాసాలు చేస్తుండగా ఎడమ రెక్కలు విఫలమై సముద్రంలో కూలింది. ఇరువురూ మరణించారు. క్రింది రెక్కలను విమాన శరీరంతో బంధించే ఉక్కు కడ్డీలు రెండూ మరలున్న చోట విరిగినట్లు అక్కడి రవాణా భద్రతా సంస్థ విచారణలో తేలింది. ఆ కడ్డీలు మూల తయారీదారువి కావు. అనంతరకాలంలో అనుమతితోనే వేరొకచోట తయారైనవి. నిర్ణీత ఆయుఃప్రమాణం పూర్తికాకముందే వాటిలో లోహపు అలసట వలన పగుళ్ళు ఏర్పడి ఉన్నాయి.

ఒక తీగను పదే పదే వంచితే తుదకు తెగిపోవడం మనమెరిగినదే. ప్రతి విన్యాసం ఆ కడ్డీలను అలాగే కొంత అలసింపజేస్తుంది. పగులు లోపల పెరుగుతున్నా, పైన మెరిసే రంగు దానిని చెప్పదు.

యజమాని ధర్మాలు

విమానం కొనడం కన్న పోషించడం కష్టం. వానకు తడిస్తే కొయ్య, బట్ట, జిగురు చెడతాయి కనుక కప్పుగల షెడ్డు కావాలి. అర్హుడైన ఇంజనీరు నియమిత కాలాలలో పరీక్షించాలి. ఎగిరిన ప్రతి గంటా పుస్తకంలో నమోదు కావాలి. మార్చిన ప్రతి భాగం ఎక్కడ తయారైనదో తెలియాలి. ఈ వ్యయం ఒక్కరికి భారమైనందున బ్రిటన్‌లో పలువురు కలిసి వాటాలుగా ఒక విమానాన్ని ఉంచుకోవడం పరిపాటి. 1975లో వెలసిన డి హావిలాండ్ మాత్ క్లబ్బు వంటి సంఘాలు అనుభవాన్ని తరం నుండి తరానికి అందిస్తున్నాయి.

ముగింపు

యజమాని తన ప్రాణాన్ని తాను పణంగా పెట్టుకొనవచ్చునా అనేది వాదానికి నిలిచే ప్రశ్న. కానీ ముందు ఆసనంలో కూర్చున్న ప్రయాణికుడు కడ్డీల సంగతి ఎరుగడు. మాట నమ్మి కూర్చుంటాడు. మన హైదరాబాదు వాడుకలో చెప్పాలంటే అతని ప్రాణం అమానత్. అమానత్‌ను పుచ్చుకున్నవాడు దానిని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించాలి. నేడు తరగతి గదిలో యంత్రశాస్త్రం చదువుతున్న విద్యార్థులలో కొందరు రేపు బస్సుకో, లిఫ్టుకో, వంతెనకో, విమానానికో "యోగ్యమైనది" అని సంతకం చేయవలసిన వారే. ఆ సంతకానికి ముందు పైరంగును దాటి లోపలి కడ్డీని చూడగలిగిన నాడే వారి చదువు సార్థకం.