నవ్వు వెనుక ఏ భావం ఉంది?

నవ్వూ ఏడుపూ రెండూ అల్లాహ్ మానవ స్వభావంలో ఉంచిన గుణాలే. దివ్యఖుర్ఆన్ 'నజ్మ్' సూరా 43వ ఆయతు మనకు ఈ సంగతే తెలుపుతోంది. కనుక నవ్వడమే తప్పన్నట్లు ఎప్పుడూ ముఖం ముడుచుకొని ఉండటం ధర్మపరాయణత కాదు.

పసిబిడ్డ మాటలు రాకముందే, మూడు నాలుగు నెలల వయసులోనే కిలకిలా నవ్వుతుంది. ఆ నవ్వుకు జోకు అక్కర్లేదు, అమ్మ ముఖం కనబడితే చాలు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడనీ, ఆ నవ్వుల్లో చాలావరకు మామూలు మాటలకే వస్తాయనీ అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ గమనించారు. అంటే నవ్వు మనసుల్ని కలిపే బంధమన్నమాట.

అయితే నవ్వు పుట్టే చోటు అన్నిసార్లూ ఒకటి కాదు. ఒక్కోసారి అది ఆశ్చర్యం నుంచి పుడుతుంది. సవారీ కోసం జంతువును అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ఒంటెపిల్లను ఇస్తానన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని అతను విస్తుపోయాడు. ప్రతి ఒంటె మరో ఒంటెకు పిల్లే కదా అని ఆయన వివరించారు. ఇందులో అబద్ధమూ లేదు, అవమానమూ లేదు.

ఒక్కోసారి కష్టం నుంచి ఊరట కోసం నవ్వు వస్తుంది. 1931లో ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు తన చిన్ననాటి పేదరికాన్ని సైతం 'కోతికొమ్మచ్చి'లో నవ్వుతూ చెప్పుకున్నారు. ఆయన నవ్వింది తన కష్టాన్ని చూసి, ఎదుటివాడి కష్టాన్ని చూసి కాదు.

మూడో నవ్వు ధిక్కారం నుంచి పుడుతుంది. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. గోదావరి వెటకారం రాష్ట్రమంతా ప్రసిద్ధం. తణుకులో నలుగురు కూర్చుని టీ తాగినా అది వినిపిస్తుంది. ఆప్యాయత ఉన్నచోట వెటకారం తీపే. కానీ కోడలి రంగు మీద, తమ్ముడి నత్తి మీద, పేద బంధువు బట్టల మీద విసిరితే అది ముల్లు. 'హుజురాత్' సూరా 11వ ఆయతు వారించిన ఎగతాళి ఇదే. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చని కూడా ఆ ఆయతు హెచ్చరిస్తోంది.

ఒక ప్రయాణంలో నిద్రపోతున్న సహచరుని వస్తువును కొందరు సరదాగా తీశారు. అతను ఉలిక్కిపడి లేచాడు, వారు నవ్వారు. కారణం తెలుసుకున్న దైవప్రవక్త (స), ఒక ముస్లిమ్ మరో ముస్లిమ్‌ను భయపెట్టడం ధర్మసమ్మతం కాదన్నారు. ఆయన చూసింది నవ్వినవారి సరదాను కాదు, లేచినవాని గుండెదడను.

ఇంట్లో ఎవరినైనా ఆటపట్టించే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం: ఈ మాట నిజమేనా? అతను కూడా మనతో కలిసి నవ్వగలడా? "ఊరికే సరదాకి అన్నాను" అని తర్వాత సర్దిచెప్పుకోవలసి వస్తుందా?

సోదరుని ముఖం చూసి చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయే. మన నవ్వులు ఒకరి కన్నీటికి కారణం కాకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.