ఆల్ఫ్రెడు మహారాజు

ఒక రాజ్యము శత్రువుల పాలు కాకుండ నిలుచుటకు వీరుని ఖడ్గ మొక్కటియే చాలునా? ఈ ప్రశ్నకు తొమ్మిదవ శతాబ్దమునాటి ఇంగ్లండు చరిత్రలో చక్కని సమాధానము కలదు.

ఆ కాలమున ఇంగ్లండు ఒకే రాజ్యము కాదు. ఆంగ్లులు, సాక్సనులు అను జాతులవారు ఐదవ శతాబ్దము మొదలుకొని సముద్రము దాటి వచ్చి అచట స్థిరపడిరి. పెక్కు రాజ్యములను స్థాపించుకొనిరి. తొమ్మిదవ శతాబ్దమునాటికి వానిలో నార్తంబ్రియా, మెర్సియా, తూర్పు ఆంగ్లియా, వెసెక్సు అను నాలుగు ప్రధానమైనవి. ప్రతి రాజ్యమునందును రాజు క్రింద మండలాధిపతులు, వారి క్రింద థేనులు అనబడు భూస్వాములైన యోధులు, వారి తరువాత స్వతంత్రులైన రైతులు, అందరికంటె క్రింద బానిసలు ఉండిరి. మనుష్యుని ప్రాణమునకు సైతము అంతస్తును బట్టి చట్టము వెల కట్టెను. వెసెక్సులో ప్రభువును చంపినవాడు మృతుని బంధువులకు 1,200 షిల్లింగులు, సామాన్యరైతును చంపినవాడు 200 షిల్లింగులు చెల్లింపవలసి యుండెను. రెండు కుటుంబములు తరతరములుగా పగ సాధించుకొనుటకంటె ధనముతో తగవు తీరుట మేలని వారు తలంచిరి.

ఈ రాజ్యములపై ఉత్తరమునుండి ఒక పెద్ద ఆపద వచ్చి పడెను. డెన్మార్కు, నార్వే మున్నగు దేశములనుండి ఓడలపై వచ్చి తీరములను దోచినవారిని వైకింగు లందురు. ఇంగ్లండు ప్రజలు వారిని డేనులని పిలిచిరి. వారు దోపిడికాండ్రు మాత్రమే కారు. స్వదేశమున వారిలో పెక్కుమంది సేద్యము చేయువారు, చేపలు పట్టువారు, వర్తకులు. స్వతంత్రులైన పురుషులు 'థింగు' అను సభయందు కూడి తగవులు తీర్చుకొనెడివారు. ఓడలు కట్టుటలో వారు మిక్కిలి నేర్పరులు. 1880లో నార్వేలోని గోక్‌స్టాడు అనుచోట ఒక మట్టిదిబ్బనుండి బయల్పడిన ఓడ సుమారు 23 మీటర్ల పొడవు గలది. దానికి 32 తెడ్లు ఉండెను. ఇట్టి ఓడలు తెరచాప నెత్తి సముద్రమును దాటగలవు. లోతు తక్కువగు నదులలోనికిని చొరబడగలవు. కావున తీరమునకు దూరముగా నున్న ఊళ్లవారికి సైతము కంటికి నిద్ర లేకపోయెను.

793లో వైకింగులు నార్తంబ్రియా తీరమునందలి లిండిస్‌ఫార్ను మఠమును దోచిరి. అది మొదలు వారు పలుమారులు వచ్చి దోచుకొని పోవుచుండిరి. కాని 865లో వచ్చిన మహాసైన్యము తిరిగి పోలేదు. మరుసటి యేడు వారు యార్కు నగరమును పట్టుకొనిరి. 869లో తూర్పు ఆంగ్లియా రాజైన ఎడ్మండును చంపిరి. 874లో మెర్సియా రాజు బర్‌గ్రెడు దేశమును విడిచి రోమునగరమునకు పోయెను. ఇక మిగిలినది వెసెక్సు ఒక్కటియే.

871లో డేనులు వెసెక్సుపై దండెత్తిరి. ఆల్ఫ్రెడు తన యన్నయు రాజునైన ఎథెల్‌రెడుతో కలిసి ఆష్‌డౌను యుద్ధమున వారిని ఓడించెను. కాని ఆ యేటనే అన్న మరణింపగా, ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల ప్రాయమున ఆల్ఫ్రెడు రాజయ్యెను. ఎన్నిమారులు పోరాడినను శత్రువు తొలగలేదు. తుదకు ఆయన ధన మిచ్చి శాంతిని కొనవలసి వచ్చెను.

వెసెక్సు ప్రజలకు శౌర్యము కొరవడినదా? లేదు. వారి సైన్యమున పెక్కుమంది తమ తమ గ్రామములనుండి పిలువబడి వచ్చినవారు. తెచ్చుకొన్న తిండి అయిపోయినను, పంట కోతకు వచ్చినను వారు ఇండ్లకు మరలవలసినదే. డేనులన్ననో, గట్టి శిబిరమును కట్టుకొని, దోచిన ధాన్యమును తినుచు, సైన్యము చెదరు సమయమునకై కాచుకొని యుండెడివారు. లోపము వీరుల గుండెలలో లేదు, ఏర్పాటులో ఉండెను.

878 జనవరిలో గుథ్రుము అను డేను నాయకుడు హఠాత్తుగా చిప్పెన్‌హాము పట్టణమును ఆక్రమించెను. ప్రజలలో కొందరు సముద్రము దాటి పారిపోయిరి, పెక్కుమంది లొంగిపోయిరి. ఆల్ఫ్రెడు కొలదిమంది అనుచరులతో సోమర్‌సెట్టు చిత్తడినేలలలోనికి పోయి తలదాచుకొనెను. ఒక యింటి ఇల్లాలు రొట్టెలను చూచుచుండుమని చెప్పగా, ఆలోచనలో మునిగిన రాజు వానిని మాడనిచ్చెననియు, ఆమె ఆయనను చీవాట్లు పెట్టెననియు చెప్పు కథ ఈ దినములకు సంబంధించినదే. అది ఆయన మరణించిన చాలకాలమునకు పుట్టిన కథయే కాని చరిత్ర కాదు.

ఆల్ఫ్రెడు ఎథెల్నీ అను దిబ్బపై చిన్న కోటను కట్టి, అచటినుండి శత్రువులను వేధించెను. మే నెలలో ఆయన కబురు పంపగా సోమర్‌సెట్టు, విల్ట్‌షైరు, హాంప్‌షైరు మండలముల ప్రజలు వచ్చి కూడిరి. ఎడింగ్టను వద్ద వారు డాలునకు డాలు చేర్చి గోడవలె నిలిచి పోరాడి, డేనులను తరిమి, వారి కోటను పదునాలుగు దినములు ముట్టడించిరి. ఆకలికిని చలికిని తాళలేక గుథ్రుము లొంగిపోయెను. ఆల్ఫ్రెడు అతనిని చంపలేదు. గుథ్రుము క్రైస్తవమతమును స్వీకరింపగా, ఆల్ఫ్రెడు అతనికి జ్ఞానపిత యయ్యెను. తరువాత వా రిరువురు చేసికొన్న ఒడంబడిక నేటికిని నిలిచి యున్నది. అందు ఇరుపక్షముల సరిహద్దు నిర్ణయింపబడెను. ఆంగ్లేయుడు హతుడైనను, డేను హతుడైనను, సమానమైన అంతస్తుగల వారికి సమానమైన వెల చెల్లింపవలెనని వ్రాయబడెను.

గెలిచిన తరువాత ఆల్ఫ్రెడు చేసిన పనియే ఆయన కీర్తికి మూలము. ఆయన సైన్యమును రెండు భాగములు చేసెను. ఒక భాగము యుద్ధమున నున్నప్పుడు రెండవ భాగము ఇంటి పనులను చూచుకొనెను. అందువలన పొలము పాడు కాలేదు, సైన్యమును చెదరలేదు. రాజ్యమంతట కోటగోడలుగల పురములను ఆయన ఏర్పరచెను. వీనిని గూర్చిన ఒక పట్టిక ఆయన కుమారుని కాలమున సిద్ధమైనదని పండితుల యభిప్రాయము. దాని ప్రకారము సుమారు ఐదు మీటర్ల గోడకు నలుగురు మనుష్యులు కావలి యుండవలెను. ఆ మనుష్యులను చుట్టుపట్ల గ్రామములు తమ భూమి పరిమాణమును బట్టి పంపవలెను. వించెస్టరు నగరమునకు 2,400 మంది కావలెనని పట్టిక చెప్పుచున్నది. లెక్క వేసినచో గోడ పొడవు సుమారు 3,000 మీటర్లగును. ఆ నగరపు ప్రాచీన ప్రాకారముల కొలత దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది! వేర్‌హాములో నాటి మట్టిగోడలను నేటికిని చూడవచ్చును.

892లో మరియొక గొప్ప డేను సైన్యము వచ్చెను. ఈమారు ఎటు పోయినను వారికి కావలిగల పురము లడ్డు తగిలెను. నాలుగేండ్లు తిరిగి తిరిగి, వెసెక్సును జయింపలేక, 896లో ఆ సైన్యము చెదరిపోయెను.

దేశమునకు విద్యయు రక్షణయే యని ఆల్ఫ్రెడు నమ్మెను. యుద్ధములలో మఠములు పాడై, లాటిను భాష నెరిగినవారు అరుదైరి. కావున ఆయన పండితులను రప్పించి, తానును లాటిను నేర్చుకొని, ముఖ్యమైన గ్రంథములను ప్రజల భాషలోనికి తెచ్చుటకు పూనుకొనెను. స్వతంత్రుల బిడ్డలలో వీలుగలవారందరు తమ భాషను చదువ నేర్వవలెనని కోరెను. న్యాయము తీర్చు అధికారులను సైతము చదువు నేర్చుకొనుడు, లేదా పదవిని విడువుడని ఆజ్ఞాపించెను.

ఆల్ఫ్రెడు 899 అక్టోబరు 26న మరణించెను. ఆయన కుమారుడు ఎడ్వర్డు, కుమార్తె ఎథెల్‌ఫ్లెడు మరికొన్ని పురములను కట్టి, డేనుల యేలుబడిలోని ప్రాంతములను పెక్కింటిని జయించిరి. 927లో మనుమడైన ఎథెల్‌స్టను యార్కును స్వాధీనపరచుకొని ఆంగ్లేయులందరికి రాజయ్యెను.

ఎడింగ్టను విజయము ఒక్క దినమున లభించినది. దానిని నిలుపుకొనుటకు ఇరువది యేండ్ల శ్రమ కావలసి వచ్చెను. గోడ కట్టిన కూలివాడు, కావలి కాచిన రైతు, ధాన్యము పండించిన ఇంటివారు, గ్రంథములు వ్రాసిన పండితుడు, వీరందరును ఆ విజయమున భాగస్వాములే. వారి నందరిని ఒక్క త్రాటిపై నడిపించుటయే ఆల్ఫ్రెడు గొప్పతనము.